ఎర్ర సిరాలో రాసిందే మీ నాన్నగారిది

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు, దానితోపాటు 14 ఫొటోలు పంపారు. పేరు వేయొద్దన్నారు. మొత్తం వేసే చోటు లేదు కనక కుదించి చెబుతున్నాను.

ఆయనకు 41 ఏళ్లు, రైసుమిల్లులో లెక్కలు రాస్తారు. తండ్రిగారు ఆ ఊళ్లోనే రేడియోలు, టేప్‌రికార్డర్లు, తర్వాత టీవీలు బాగుచేసిన మెకానిక్కు. ఏడాదిన్నర కిందట పోయారు. ఆయన వదిలి వెళ్లిన ఆస్తి అంటూ ఉంటే అది 11 లాంగ్‌సైజు నోటుపుస్తకాలు. వాటి నిండా చేత్తో గీసిన సర్క్యూట్ డయాగ్రాలు, ఆయన వేసుకున్న నంబర్ల ప్రకారం 640. పత్రికల్లోంచి, ఐసీ (ఎన్నో భాగాలను ఒకే చిప్‌లో ఇమిడ్చినది) కంపెనీల డేటా పుస్తకాల్లోంచి, విశాఖలో తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్న లావుపాటి విదేశీ సంపుటాల్లోంచి ఎత్తి రాసుకున్నవి. బొమ్మ నీలం సిరా, కొన్నిటి పక్కన తెలుగులో ఆయన సొంత మాట ఎర్ర సిరా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు రెండు పుస్తకాలు తడిసి పేజీలు అంటుకుపోయాయి.

మొన్న వేసవిలో ఈ ఉత్తరం రాసినాయన కొడుకు, తొమ్మిదో తరగతి, తాతగారి పుస్తకం చూసి ఎల్‌ఈడీ బెడ్‌లైటు చేశాడు. రెండు రోజులు వెలిగింది. మూడో రోజు మసకబారుతుంటే ప్లగ్ పీకి చూడబోయాడు. పిన్నులు వేలికి తగిలి షాక్ కొట్టింది. వెనక్కి పడి మోచెయ్యి గీరుకుపోయింది. అంతకుమించి ఏమీ కాలేదు గానీ ఇంట్లో గొడవ మొదలైంది. "ఆ పుస్తకాలు పాతపేపర్లవాడికి వేసెయ్యండి, లేదంటే నేనే వేస్తాను" అని భార్య. "ఆయన చేతిరాత మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు" అని తల్లి వాటిని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. విశాఖలో ఉండే తమ్ముడు అన్నీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా 199 రూపాయలకు అమ్ముదాం, నాన్న పేరూ నిలుస్తుంది అంటున్నాడు. నమూనాగా 20 పేజీలు చేశాడు కూడా. ఇవి చాలవన్నట్టు, కొండవార పొలం ఉన్న పెదనాన్నగారి అబ్బాయి పందుల బాధ పడలేక "చిన్నాన్న పుస్తకంలో కంచె సర్క్యూట్ ఉంది, ఆ పేజీ ఇవ్వు" అని మూడుసార్లు అడిగాడు. ఇవ్వకపోతే రాకపోకలు తెగేలా ఉన్నాయట.

ఉత్తరం చివర ఆయన ఇలా రాశారు: "మావాడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఒడియా, ఇంగ్లీషు చదువుతాడు. వాడు నన్ను అడిగాడండీ, తాతయ్య తప్పు సర్క్యూట్ రాశాడా నాన్నా అని. నా దగ్గర జవాబు లేదు."

మిత్రమా, ముందు మీవాడి ప్రశ్నకే జవాబు చెబుతాను. మిగతా పేచీలన్నీ దానికే ముడిపడి ఉన్నాయి.

మీరు పంపిన ఫొటోల్లో ఏడో పుస్తకం 88వ పేజీ ఉంది. మీవాడు చేసిన బెడ్‌లైటు అదే. ముందువైపు నీలం సిరాతో బొమ్మ: 0.47 మైక్రోఫారడ్ కండెన్సర్ (కరెంటును దాచుకునే భాగం, మైక్రోఫారడ్ దాని కొలత), 250 వోల్టులది. నాలుగు డయోడ్లు, కరెంటును ఒకవైపే పోనిచ్చేవి. వరసగా ఆరు తెల్ల ఎల్‌ఈడీలు. కింద కుడి మూల ఎర్ర సిరాతో ఒక బాణం, దాని పక్కన రెండు మాటలు: "ఎనక సూడు." మీరు శ్రద్ధగా వెనకవైపు ఫొటో కూడా పంపారు కాబట్టి చూశాను. అక్కడ ఉన్నది ఇది: "ఇది అమెరికా బొమ్మ. మన కరెంటు 230. కండెన్సర్ 0.22 ఎయ్యి, 400 ఓల్టులది. దాని మీద అడ్డంగా 1 మెగ్ రెసిస్టెన్స్. లేపోతే పీకిన ప్లగ్గు కరుస్తాది. డబ్బా మూసేదాకా ముట్టుకోకు."

మీవాణ్ని కరిచింది ఆ పీకిన ప్లగ్గే.

ఆ బొమ్మ అమెరికాలో తప్పు కాదు. అక్కడ ఇంటి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఆ కరెంటులో 0.47 కండెన్సర్ గుండా పోయేది దాదాపు 21 మిల్లీ ఆంపియర్లు. మామూలు చిన్న ఎల్‌ఈడీకి 20 చాలు, కాబట్టి లెక్క సరిపోయింది. అదే కండెన్సర్‌ను మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు పెడితే 34 దగ్గరికి పోతుంది. అందుకే మూడో రోజుకి ఎల్‌ఈడీలు మసకబారాయి. 0.22 పెడితే 16కు వస్తుంది. మీ నాన్నగారు వేళ్ల మీద లెక్క కట్టారో, రెండు సెట్ల ఎల్‌ఈడీలు కాల్చుకుని తెలుసుకున్నారో గానీ సరైన అంకె రాసిపెట్టారు. వోల్టేజి సంగతీ అంతే. 230 అన్నది సగటు లాంటి అంకె, శిఖరం 325 దాకా వెళ్తుంది. 250 వోల్టుల కండెన్సర్‌కు అది మోయలేని బరువు. ప్లగ్ పీకిన క్షణంలో కండెన్సర్‌లో ఎంత వోల్టేజి ఉంటే అంతా అందులోనే నిలిచిపోతుంది. 1 మెగ్ రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకుని నెమ్మదిగా పోనిచ్చే భాగం, అడ్డంగా ఉంటే రెండు మూడు సెకన్లలో దిగిపోయేది. లేదు కనక వేలి గుండా దిగింది. దానిలో దాచుకున్న శక్తి బాగా చిన్నది, అదురుతాం, పడతాం, ప్రాణం మీదికి రాదు. ప్లగ్‌లో ఉండగా ఆ ఎల్‌ఈడీ కాళ్లు ముట్టుకుని ఉంటే కథ వేరే. ట్రాన్స్‌ఫార్మర్ లేని సర్క్యూట్‌లో ప్రతి తీగా కరెంటు తీగే.

ఇవాళ నేను చెప్పాలంటే మీ నాన్నగారి మాటకు ఒక్క సవరణ చేస్తాను. 400 వోల్టుల మామూలు కండెన్సర్ బదులు, మెయిన్స్‌కు అడ్డంగా పెట్టడానికే చేసిన ఎక్స్2 రకం వేయాలి. పైన 275 వోల్టులు ఏసీ అని ఉంటుంది. అంతే తేడా.

కాబట్టి మీవాడికి చెప్పండి: తాతయ్య తప్పు రాయలేదు. తప్పును పట్టుకుని ఎర్ర సిరాతో దిద్దాడు. నువ్వు ఆ అక్షరాలు చదవలేకపోయావు. ఈ మాట వాడి మీద నేరం మోపినట్టు కాకుండా చెప్పడం మీ పని. వాడికి ఆ ఎరుపు అలంకారంలా కనబడి ఉంటుంది. నాకు ఒడియా రాదు, ఒడియాలో "వెనక చూడు" అని రాసి ఉంటే నేనూ పేజీ తిప్పేవాణ్ని కాదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పి, నోటితో మాట్లాడే తెలుగునే కాగితం మీద పెట్టాలని పోరాడిన ఊరు మీది. మీ నాన్నగారు ఆ పోరు గురించి విన్నారో లేదో గానీ "కరుస్తాది" అని అచ్చంగా మీ వీధిలో పలికినట్టే రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరింది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అన్నది అప్పటి నుంచీ మీ ఇళ్లలో ఉన్నదే. మీ దాకా రెంటినీ లాక్కొచ్చారు. మీవాడి దగ్గరికి వచ్చేసరికి నాలుక మిగిలింది, కన్ను పోయింది. ఎవరినీ తిట్టాల్సిన పని లేదు. కానీ ఆ బెడ్‌లైటు విషయంలో దెబ్బ తగిలింది అక్కడే.

ఇప్పుడు కంచె సంగతి. మిగతావన్నీ నెమ్మదిగా తేల్చుకోవచ్చు, దీనికి మాత్రం ఈ వారమే జవాబు చెప్పండి. ఆ పేజీ ఇవ్వకండి. మీరు నాకు ఆ పేజీ ఫొటో పంపలేదు, నేను అడగను కూడా. ఎంత బాగా గీసిన బొమ్మైనా పొలం గట్టున రాత్రి పూట చేతులు మారుతూ పోయేసరికి దాని గతి ఒకటే: ఆగి ఆగి చిన్న షాక్ (పల్స్) ఇచ్చే భాగం పాడవుతుంది, పంట కోతకు వారం ఉంటుంది, తిన్నగా 230 తగిలిస్తారు. తెల్లారేసరికి పంది పడి ఉండొచ్చు, గొర్రెలకాపరి పడి ఉండొచ్చు. మీ జిల్లాలో లఖారీ లోయ ఏనుగులు ఉన్నాయి. ఏనుగు 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్నది, దాన్ని చంపితే జైలే. పేజీ ఇచ్చినవాడి పేరు కూడా దర్యాప్తులో వస్తుంది.

పెదనాన్నగారి అబ్బాయి బాధ నిజమైనదే. ఒక్క రాత్రిలో పందులు మడి దున్నేసి పోతే ఎవరికైనా పిచ్చెక్కుతుంది. కాబట్టి వట్టి "లేదు" అని చెప్పకండి. ప్రమాణాల ప్రకారం తయారుచేసిన కంచె యంత్రాలు అమ్ముతున్నారు, బ్యాటరీ మీదా సోలార్ మీదా నడుస్తాయి. అవి సెకనుకు ఒకటికి మించకుండా, కన్ను మూసి తెరిచేంత కూడా ఉండని పల్స్ ఇస్తాయి. అందులో శక్తికి హద్దు ఉంటుంది. జంతువు బెదురుతుంది, చావదు. కొనడానికి ఖర్చవుతుంది. మీకు వీలైతే అందులో కొంత మీరు వేసుకోండి, సంబంధం నిలబడుతుంది. పంట నష్టానికి అటవీశాఖకు అర్జీ రాయడంలో కూడా లెక్కలు రాసే మీ చెయ్యి ఆయనకు పనికొస్తుంది. ఇవేవీ వద్దు, పేజీయే కావాలంటే కొన్నాళ్లు ఆయన మాట్లాడడు. అది మీరు భరించక తప్పదు.

తమ్ముడి ఆలోచన దగ్గరికి వద్దాం. నేను దాన్ని మొత్తంగా కొట్టిపారెయ్యను. కానీ 640 సర్క్యూట్ల సంపుటం అంటే ఏమిటో అతనికి తెలియలేదనిపించింది. అసలు ఇవి ఎక్కడి నుంచి పుడతాయో చూడండి. 555 టైమర్ ఐసీని 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం హాన్స్ కామెన్‌జింద్ అనే ఆయన రూపొందించారు, మరుసటి ఏడాది అమ్మకానికి వచ్చింది. ఐసీ అమ్ముడుపోవాలంటే దాంతో ఏం చెయ్యొచ్చో చూపాలి. కంపెనీలే సర్క్యూట్లు గీసి డేటా పుస్తకాల్లో అచ్చు వేసేవి. వాటిని చూసి పత్రికలవాళ్లు రెండు రెసిస్టెన్సులు మార్చి కాలింగ్‌బెల్ అన్నారు, ఇంకొకరు ట్యాంకు నిండితే కూసే అలారం అన్నారు. అవన్నీ పోగేసి లావు సంపుటాలు వేశారు. వాటిలోంచి మీ నాన్నగారి లాంటివాళ్లు ఎత్తి రాసుకున్నారు. జిరాక్సుకు పేజీకి ఇంత అని ఇచ్చుకోలేని రోజుల్లో మేమంతా అదే పని చేశాం. మీరు పంపిన సూచిక పేజీ లెక్కపెట్టాను. ఒక్క ఆ పేజీలో 38 పేర్లుంటే 11 పేర్లు 555వే. బొమ్మ దాదాపు ఒకటే, వేషాలు వేరు.

ఎత్తి రాయడంలో జారిపోయేవి కూడా చాలా ఉంటాయి. రెండు గీతలు కలిసిన చోట చుక్క ఉంటే అతుకు, చుక్క లేకపోతే ఒకదాని మీంచి ఒకటి దాటుతున్నట్టు. నా చిన్నప్పుడు ఒక యాంప్లిఫయర్ బొమ్మ ఎత్తి రాసుకుంటూ ఒక్క చుక్క వదిలేశాను. మూడు రాత్రులు కూర్చున్నా స్పీకర్‌లో బుర్రుమనే మోత తప్ప పాట రాలేదు. ఐసీ పోయిందనుకుని రెండు మార్చాను. ఆ డబ్బు మా అమ్మ పోపులడబ్బాలోంచి తీసింది, ఇప్పటికీ నాకు సిగ్గే. మైక్రో గుర్తును మిల్లీ అని రాసుకోవడం, 4కె7 అంటే 4.7 కిలో ఓమ్‌లని తెలియక 47 వెయ్యడం, కండెన్సర్ మీద 474 అని ఉంటే 0.47 అని పోల్చుకోలేకపోవడం, ఇవన్నీ మామూలే. పత్రికల్లో పొరపాటు అచ్చయితే రెండు మూడు నెలల తర్వాత ఏ మూలో సవరణ వేసేవారు. సర్క్యూట్ కత్తిరించి దాచుకున్నవాడు ఆ సవరణ దాచుకోడు. వందల సర్క్యూట్ల పోగు ఏది తీసుకున్నా, ఎంత పేరున్న సంపుటమైనా, ఇందులో ఏ బొమ్మను ఎవరు చేసి చూశారు అన్నదే మొదటి ప్రశ్న. చాలా సంపుటాలకు దానికి జవాబు ఉండదు.

మీ నాన్నగారి పుస్తకాల్లో ఉంది. నాకు అపురూపంగా తోచింది ఆ సంగతే. నాలుగో పుస్తకంలో అల్ట్రాసోనిక్ దోమల యంత్రం బొమ్మ కింద ఎర్ర సిరాతో: "దోమలు ఇన్లేదు. పక్కింటి కుక్క ఇన్నాది." నవ్వు ఆగలేదు. ఆ యంత్రాల మీద పది క్షేత్ర పరీక్షలను కలిపి చూసిన సమీక్ష 2007లో వచ్చింది, వైద్య పరీక్షలను పోగేసి తూచే కోక్రేన్ సంస్థది. దోమ కాట్లు తగ్గలేదని తేల్చింది. మీ నాన్నగారు సందులో కూర్చుని అదే తేల్చారు. ఇంకో చోట బీసీ148 ట్రాన్సిస్టర్ పక్కన "ఇప్పుడు దొరకదు, 548 ఎయ్యి, కాళ్లు సూసుకో" అని ఉంది. ఆ "కాళ్లు సూసుకో" అన్న రెండు మాటల విలువ ట్రాన్సిస్టర్ తిరగేసి వేసినవాడికి తెలుస్తుంది. చదును వైపు మనకేసి, కాళ్లు కిందికి పెట్టుకుంటే బీసీ547, 548లకు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అదే పనికి వాడే 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. విదేశీ బొమ్మ చూసి మన బజారు ట్రాన్సిస్టర్ వేసేవాళ్లకు సగం గుండెనొప్పులు ఇక్కడివే.

మీ తమ్ముడు నమూనాగా చేసిన 20 పేజీల్లో 88వ పేజీ ఉంది చూశారా? ముందువైపు మాత్రమే స్కాన్ చేశాడు. ఎర్ర బాణం ఉంది, అది చూపించే వెనక పేజీ లేదు. 199 రూపాయలు పెట్టి కొన్నవాడి చేతికి అందేది మీవాడికి షాక్ కొట్టించిన ఆ సగం బొమ్మే. ఇది తమ్ముడికి చెప్పండి, పోట్లాటగా కాదు, ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి.

ఇక చట్టం. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రాసినవాడి జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. సర్క్యూట్ పనిచేసే పద్ధతి మీద కాపీరైటు ఉండదు. గీసిన బొమ్మ మీదా, దాని వివరణ మీదా ఉంటుంది. సొంతంగా నేర్చుకోవడానికి చేత్తో రాసుకున్నందుకు మీ నాన్నగారిని ఎవరూ ఏమీ అనరు. వాటిని ఉన్నదున్నట్టు స్కాన్ చేసి వెల కట్టి అమ్మితే మాత్రం ఎవరి బొమ్మనో అమ్మినట్టవుతుంది. మీ నాన్నగారి పేరు నిలవాల్సింది అలా కాదు కదా.

మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను. దేనికి మీ ఇంట్లో చోటుందో మీకే తెలుసు.

పుస్తకాలు బీరువాలోనే ఉంచడం ఒకటి. ఖర్చు లేదు, గొడవ కొన్నాళ్లు సద్దుమణుగుతుంది. కానీ బీరువాలో ఉన్నా తేమకు ఎర్ర సిరా వెలిసిపోవచ్చు. బొమ్మలు మిగిలి, దిద్దుబాట్లు చెరిగిపోతే ఆ పుస్తకాలు ఇప్పటికన్నా ప్రమాదకరం అవుతాయి.

పాతపేపర్లవాడికి వేయడం రెండోది. మీ ఇంటావిడ ఆ మాట కోపంతో అన్నా ఒక అర్థం ఉంది. బొమ్మల వరకు నష్టమేమీ లేదు. ఇవాళ ఏ ఐసీ పేరు కొట్టినా తయారీదారు డేటాషీటు ఫోనులో ఉచితంగా దొరుకుతుంది, అందులో సర్క్యూట్లూ ఉంటాయి. పోయేది ఎర్ర సిరా ఒక్కటే, అది ఇంకెక్కడా దొరకదు. అమ్మగారు దీన్ని క్షమిస్తారని మాత్రం నేను అనుకోను.

మూడోది కొంచెం శ్రమ. 640లో ఎర్ర సిరా ఉన్న పేజీలు ఎన్నో లెక్కపెట్టండి. వందకు మించవని నా ఊహ. వాటిని మాత్రమే, రెండు వైపులా, పగటి వెలుతురులో ఫొటో తీయండి. వాటిలోంచి మీవాడూ తమ్ముడూ కలిసి ఒక 30, 40 సర్క్యూట్లను కొత్తగా గీయొచ్చు. సర్క్యూట్లు గీసే కైక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, తమ్ముడికి కంప్యూటర్ వచ్చు కదా. దొరకని భాగాల బదులు దొరికేవి వేసి, చేసి చూసి, పనిచేసినవే ఉంచాలి. బొమ్మ మీరు గీసినది, మాట మీ నాన్నగారిది. అప్పుడు దాన్ని అమ్మినా పంచినా తల ఎత్తుకుని చెయ్యొచ్చు. డబ్బు పెద్దగా రాదు, తమ్ముడికి ముందే చెప్పండి.

ఇందులో చిక్కు ఎర్ర సిరాను చదివేది ఎవరన్నది. మీరు మిల్లు నుంచి వచ్చేసరికి ఎనిమిదవుతుందని రాశారు. అమ్మగారు 20 ఏళ్లు షాపు కౌంటర్ దగ్గర కూర్చున్నారని కూడా మీరే రాశారు, ఎందుకో ఆ వాక్యం బ్రాకెట్‌లో పడేశారు. ఆవిడకు ఆ చేతిరాత మీకన్నా బాగా తెలుసు. ఏ రేడియో ఎవరిదో, ఏ బొమ్మ ఏ కస్టమర్ కోసం వెతికారో కూడా గుర్తుండి ఉంటుంది. ఆవిడ చదువుతుంటే మనవడు పక్కన కూర్చుని ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాసుకుంటాడు. పుస్తకం ఆవిడ ఒడిలోనే ఉంటుంది, ఇంకెవరి చెయ్యీ పడదు, తాళంచెవి ఆవిడ కొంగునే ఉంటుంది. రాసుకునేటప్పుడు నాలుగు తెలుగు అక్షరాలు మీవాడికి కంటబడకపోవు. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. ఏడాదిన్నర అంటే ఎక్కువ కాలమేమీ కాదు, ఆ అక్షరాలు చూస్తే ఏడుపు వస్తుందేమో. అడిగి చూడండి, కాదంటే మళ్లీ సంక్రాంతికి అడగండి.

ఇంటావిడ భయాన్ని మాత్రం ఎవరూ తీసిపారెయ్యకండి. ఈ మొత్తం గొడవలో బిడ్డ కింద పడటం కళ్లారా చూసింది ఆవిడ ఒక్కరే. ఆవిడతో ఒక ఒప్పందం చేసుకోండి: పదో తరగతి అయ్యేదాకా మీవాడు గోడ ప్లగ్‌కు తగిలే సర్క్యూట్ ఏదీ ముట్టుకోడు, 9 వోల్టుల బ్యాటరీతో నడిచేవే చేస్తాడు. మీ నాన్నగారి సీరీస్ బోర్డు, అదే, 100 వాట్ల బల్బు వరసలో పెట్టి సెట్లు పరీక్షించే చెక్కబోర్డు ఇంట్లో ఉంటే దాన్ని అటక మీద పెట్టెయ్యండి. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు లీకైతే తెంచేసే స్విచ్చు) లేకపోతే పెట్టించండి. అది ఉంటే ఏమీ కాదని మాత్రం మీవాడితో అనకండి. కండెన్సర్‌లో నిలిచిన కరెంటు దానికి తెలియదు. ఒక చెయ్యి ఫేజు మీద, ఒక చెయ్యి న్యూట్రల్ మీద పడినా తెలియదు. షాక్ కొట్టిందని పిల్లాడి చేతిలోంచి సోల్డరింగ్ ఐరన్ లాగేసుకుంటే వాడు మానేస్తాడని గ్యారంటీ లేదు. మిద్దె మీద చాటుగా చేస్తాడు. నేను అలాగే చేశాను.

వాడికి మొదట ఏది చేయించాలని అడిగితే, 555 పెట్టి ఒక్క ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమనే బొమ్మ చేయించండి, రెండో పుస్తకం మొదట్లోనే ఉంది. 10 కిలో ఓమ్‌లు, 68 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్. 1.44ను మొదటి రెసిస్టెన్స్, రెండోదానికి రెట్టింపు, ఆ రెంటి మొత్తంతో (ఓమ్‌లలో) భాగించి, మళ్లీ కండెన్సర్‌తో (ఫారడ్‌లలో) భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లో వస్తుంది. ఇక్కడ దాదాపు ఒకటి. 10 తీసి 100 మైక్రోఫారడ్ పెడితే ఎంతవుతుందో ముందు కాగితం మీద చెప్పించండి, తర్వాత గడియారం పెట్టి కొలవమనండి. పది సెకన్లకు ఒకసారి రావాలి. సరిగ్గా రాదు, పదకొండో పన్నెండో వస్తుంది, ఈ రకం (ఎలక్ట్రోలైటిక్) కండెన్సర్లు ముద్ర వేసిన అంకెకు కట్టుబడి ఉండవు. ఎందుకు రాలేదని వాడు అడిగిన రోజున వాడికి ఎర్ర పెన్ను ఒకటి కొనిపెట్టండి.

తడిసి అంటుకున్న రెండు పుస్తకాల జోలికి ఇప్పుడే పోకండి. నీళ్లు చల్లి విడదీద్దామని ఎవరైనా సలహా ఇస్తారు, సిరా కారిపోతుంది, వినకండి. లామినేషన్ కూడా వద్దు. అట్టల మధ్య పొడి చోట ఉంచి, మిగతావన్నీ అయ్యాక, మూలల నుంచి పల్చటి వెదురు పుల్లతో నెమ్మదిగా ప్రయత్నించండి. రానిది రాదు.

మీరు పంపిన తొమ్మిదో ఫొటోలో, మూడో పుస్తకం 41వ పేజీ, బ్యాటరీ ఎలిమినేటర్ బొమ్మ కింద ఎర్ర రాత సగం మీ బొటనవేలి కింద పడిపోయింది. "ఎల్ఎం317 కాలిపోనాది, ఎందుకంటే" అన్న దాకా కనిపిస్తోంది. ఎల్ఎం317 అంటే వోల్టేజిని నిలకడగా ఉంచే ఐసీ. ఆ తర్వాత ఏముందో అమ్మగారిని అడిగి నాకు రాయండి. నావీ రెండు కాలిపోయాయి.